పేరొకచోట, పొలమొకచోట

"ఒక్క నిమిషం అమ్మా... ఆవుకి మేత వేసి వచ్చేస్తా!"

కుక్కరు దించి పావుగంటయింది. కంచాలు పెట్టి కూడా అయిదు నిమిషాలయింది. మేం వుండేది మూడో అంతస్తులో. ఆవు సంగతి అటుంచండి, బాల్కనీలో వున్న తులసిమొక్కకి చెంబుడు నీళ్లు పొయ్యమంటేనే మా అమ్మాయి మొహం ముడుచుకుంటుంది. అటువంటి పిల్ల, చేతిలో ఆ చిన్న ఆటపెట్టె పట్టుకుని, ఎక్కడా లేని ఆవు ఆకలితో వుంటుందని తన అన్నం మానేసి కూర్చుందంటే – చెప్పొద్దూ, ముందు కోపం వచ్చింది. తర్వాత కుతూహలం కలిగింది.

"ఏం ఆటే అది?" అన్నాను పప్పు వడ్డిస్తూ.

"దీని పేరు స్టోరీ ఆఫ్ సీజన్స్. కానీ అసలు పేరు హార్వెస్ట్ మూన్. ఇప్పుడు హార్వెస్ట్ మూన్ అన్న పేరుతో వచ్చేది ఇది కాదు, వేరే. అసలైన పాత హార్వెస్ట్ మూన్ లాగా వుండేది ఇంకోటుంది, దాని పేరు స్టార్‌డ్యూ వ్యాలీ," అంది వూపిరి తిప్పుకోకుండా.

నాకు తల తిరిగింది. పెళ్లిపందిట్లో కూర్చుని చుట్టరికాలు కలిపే మా పెద్దత్తయ్య కూడా ఇంత చిక్కుముడి వెయ్యదు!

ఆ ముడి విప్పుదామని సెలవుల్లో పిల్ల పక్కన చేరాను. ఆ వరసలోవి కొన్ని ఆడాను, కొన్ని తను ఆడుతూ వుంటే చూశాను, మిగిలినవాటి గురించి చదివాను. చివరికి నాకు తోచిందేమిటంటే, ఇది వీడియో గేముల గొడవ మాత్రమే కాదు. వారంవారం సీరియల్ చదివేవాళ్లకీ, రాసేవాళ్లకీ బాగా తెలిసిన గొడవే. మొదలుపెట్టిననాడు ప్రతి రచనకీ ఒక ముఖం వుంటుంది. ఏళ్లు గడిచి, భాగాలు పెరిగేకొద్దీ ఆ ముఖం ఏమైపోతుంది? మారితే తప్పా? మారకపోతే మాత్రం ఒప్పా?

మొదటినించీ చెబుతాను. ఈ ఆట పుట్టింది జపాన్‌లో, 1996లో. యసుహిరో వాదా అన్నాయన పల్లెపట్టున పెరిగి, వుద్యోగం కోసం టోక్యో చేరాడు. ఆ రోజుల్లో ఆటలంటే కొట్టడం, కాల్చడం, చంపడం. అవేవీ లేకుండా, తాను వదిలి వచ్చిన పల్లెలాంటి ఆట ఒకటి చెయ్యాలని ఆయనకి బుద్ధి పుట్టింది. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో, ఆటలు తయారుచేసేవాళ్ల సభలో ఈ ముచ్చటంతా ఆయనే స్వయంగా చెప్పాడు. జపాన్ భాషలో దాని పేరు 'బొకుజో మొనొగతారి'. మన మాటల్లో చెప్పుకుంటే పాడిపొలం కథ. మరుసటి సంవత్సరం అమెరికాలో నాత్సుమె అనే కంపెనీ దాన్ని 'హార్వెస్ట్ మూన్' అని పేరు మార్చి అమ్మింది. ఈ పేరు మార్చిన సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. కథలో మలుపు అక్కడే వుంది.

ఆ మొదటి ఆటలో ఏముంటుంది? తాతగారి పొలం ఒకటి పాడుబడి వుంటుంది. నిండా కలుపు, రాళ్లు, చెట్టుమొద్దులు. తల్లిదండ్రులు ఆ పొలాన్ని కుర్రవాడికి అప్పగించి వెళ్లిపోతారు. రెండున్నరేళ్ల తర్వాత తిరిగి వచ్చి, ఎలా చేశావో చూస్తామంటారు. పంటలు నాలుగే నాలుగు. వసంతంలో బంగాళాదుంప, టర్నిప్ దుంప; వేసవిలో టొమాటో, మొక్కజొన్న. రుతువు మారితే పైరు వాడిపోతుంది. ఆకురాలే కాలంలోనూ, చలికాలంలోనూ ఏదీ పండదు. ఒక్కో రుతువుకి 30 రోజులు. కుర్రవాడి వొంట్లో శక్తి కొంతే. నాలుగు దెబ్బలు గొడ్డలి వేస్తే రొప్పుతాడు. మేత వెయ్యడం మరిస్తే ఆవు జబ్బుపడుతుంది, చచ్చిపోతుంది కూడా. వూళ్లో అయిదుగురు కన్నెపిల్లలున్నారు. వాళ్లలో ఎవరి మనసైనా గెలుచుకుంటే పెళ్లి. అంతే ఆట!

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతేనమ్మా. బోరు కదా?" అంది మా అమ్మాయి.

బోరు కాదు. ఒక్క గంట ఆడాక నాకు తెలిసింది, ఈ ఆట ప్రాణం అందులో వున్నవాటిలో లేదు, లేనివాటిలో వుంది. పొద్దు చాలదు, వోపిక చాలదు, డబ్బు చాలదు. ఇవాళ మొద్దు కొడితే పైరుకి నీళ్లు పెట్టే శక్తి వుండదు. పూలు పట్టుకుని వూళ్లోకి పోతే పొలంలో పని ఆగుతుంది. ఏదో ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకున్నావో దాన్నిబట్టే నువ్వెలాంటిదానివో తెలుస్తుంది. రెండున్నరేళ్లకి అమ్మా నాన్నా వచ్చి చూసేది కూడా ఆ వదులుకున్నదాన్నే. పొద్దున్నే లేచి, పాలూ నీళ్లూ బడిపిల్లల డబ్బాలూ ఆఫీసు బస్సూ అంటూ రోజుకి సరిపడా రోజు లేని ఆడదానికి ఈ ఆట ఎవరూ నేర్పక్కర్లేదు. మనకి పుట్టుకతోనే వచ్చు.

నా లెక్కలో ఈ పరంపర అసలు ముఖం ఇదే: చాలీచాలని పొద్దు. మిగిలినవి ఎన్ని మారినా ఇది మారనంతవరకూ అది అదే ఆట. ఈ మాట వూరికే అనడం లేదు, రెండు వుదాహరణలు చూపిస్తాను.

1999లో ఒక భాగం నింటెండో 64 మీద వచ్చింది. అదే ఏడాది చివర్న జపాన్‌లో ఇంకో కంపెనీ యంత్రం ప్లేస్టేషన్ మీద 'బ్యాక్ టు నేచర్' అనే భాగం వచ్చింది. రెండింట్లోనూ అవే ముఖాలు, అవే పేర్లు. కానీ చుట్టరికాలన్నీ తారుమారు! మొదటిదాంట్లో ద్రాక్షతోట వారమ్మాయి కారెన్, రెండోదాంట్లో కిరాణా కొట్టు వారమ్మాయి. అక్కడ పూలకొట్టులో వున్న పొపూరి, ఇక్కడ కోళ్లఫారం పిల్ల. రొట్టెల అంగడిలో వున్న ఎల్లీ, ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. నాటకాల కంపెనీలో నిన్న సీత వేసిన నటి ఇవాళ చంద్రమతి వేసినట్టు. ఎవరికీ ఇబ్బంది కలగలేదు. రెండూ జనం గుండెకి హత్తుకున్నాయి. అంటే ఈ పరంపర ఆత్మ మనుషుల పేర్లలో లేదన్నమాట.

రెండోది ఇంకా పెద్ద మార్పు. 2003లో జపాన్‌లోనూ, 2004లో అమెరికాలోనూ వచ్చిన 'ఎ వండర్‌ఫుల్ లైఫ్'. ఇందులో పంటల ప్రాముఖ్యం తగ్గింది. ఆవు ఈనితేనే పాలిస్తుంది, కొన్నాళ్లకి వొట్టిపోతుంది. ఆ మాట రాసినవాడికి పాడి తెలుసు! మొదటి ఏడాది లోపల పెళ్లి చేసుకోవాలి. లేకపోతే ఆట అక్కడితో సరి. తర్వాత బిడ్డ పుడుతుంది, పెరుగుతుంది, తన దారి తాను చూసుకుంటుంది. వూళ్లోవాళ్లకి జుట్టు నెరుస్తుంది. ఆఖర్న ఆడేవాడి పాత్ర కూడా చనిపోతుంది. నెమ్మదిగా నడుస్తుందని, చెయ్యడానికేం లేదని విసుక్కున్నవాళ్లున్నారు. కానీ నా కంటికి ఆ మొదటి ఆటకి అసలైన వారసురాలు ఇదే. రెండున్నరేళ్ల గడువు తీసేసి, దాని స్థానంలో మనిషి ఆయుష్షు పెట్టారు. పద్ధతులన్నీ మారాయి, పొద్దు చాలదన్న బాధ మాత్రం రెట్టింపయింది. మారడం వేరు, తప్పిపోవడం వేరు అని నాకు నేర్పిన ఆట ఇది.

మరి తప్పిపోవడం ఎప్పుడు మొదలైంది? అంకెలతో మొదలైంది. 2005లో జపాన్‌లో వచ్చిన రెండు భాగాలు చూడండి. నింటెండో డీఎస్ మీద వచ్చినదాంట్లో 101 మంది మరుగుజ్జు దేవతలు ఎక్కడెక్కడో చిక్కుపడి వుంటారు. కనీసం 60 మందిని విడిపిస్తే తప్ప పంటలదేవత తిరిగి రాదు. 'మ్యాజికల్ మెలొడీ' అనేదాంట్లో 100 సంగీత స్వరాలుంటాయి. 50 కూడగడితే రాయైపోయిన దేవత లేచి కూర్చుంటుంది. ఇన్ని చేపలు పడితే ఒక స్వరం, ఇన్ని పాలు అమ్మితే ఇంకోటి. సరదాగానే వుంటుంది, కాదనను. కానీ ఆవుకి మేత వేసేది ఆవు ఆకలి కోసం కాదు, జాబితాలో ఒక గడి నిండటం కోసం. వ్రతం చేసేవాళ్లం పూజ మీద మనసు పెట్టకుండా ఎన్ని తాంబూలాలు పంచామో లెక్కపెట్టుకున్నట్టు!

ఆ తర్వాత కొమ్మలు మొలిచాయి. 2006లో 'రూన్ ఫ్యాక్టరీ' అనే పక్కకొమ్మలో రైతు చేతికి కత్తి వచ్చింది. కొట్టడం, చంపడం లేని ఆట కావాలని పుట్టిన వంశంలో కత్తి! వేరే పేరు పెట్టి వేరే కాపురం పెట్టారు కనక నాకు దాని మీద కోపం లేదు. నా గొడవంతా పెద్దింటి మీదే. 2021లో వచ్చిన 'పయొనీర్స్ ఆఫ్ ఆలివ్ టౌన్' – మా అమ్మాయి అన్నం మానేసి ఆడుతున్నది ఇదే – దాంట్లో దుంగ కోసేందుకొక యంత్రం, దారం తీసేందుకొక యంత్రం, వెన్న తీసేందుకొకటి, మసాలా నూరేందుకొకటి. పొలంలో పైరు కంటే యంత్రాలే ఎక్కువ. పొద్దంతా వాటిలో సరుకు వెయ్యడం, తియ్యడం. వూళ్లోవాళ్ల మాటలు పేలవంగా వున్నాయని, పని మాత్రం ఎడతెగకుండా వుందని ఆడేవాళ్లు గోలపెడితే కంపెనీ తర్వాత మార్పులు చేసి కొంత సరిదిద్దింది. సరిదిద్దినా ఒక సంగతి మిగిలిపోయింది. చాలనిది పొద్దు కాదు, పొలంలో జాగా!

ఇలా ఎందుకవుతుందో నాకు తెలియంది కాదు. నేనూ ఒక సీరియల్‌ని పన్నెండు వారాలు సాగదీసిన పాపం చేశాను. ఇరవయ్యో వారంలో ముగియాల్సిన కథలో, పాఠకుల వుత్తరాలు చూసి మురిసిపోయి, మేనమామనొకణ్ణి సింగపూర్ నించి దింపాను. ఆయన వచ్చాక కథలో సంఘటనలు పెరిగాయి, నా నాయిక మాత్రం తగ్గిపోయింది. చదివేవాళ్లు "ఇంకా కావాలి" అన్నప్పుడు వాళ్లు అడిగేది ఆ అనుభవాన్ని. రాసేవాళ్లు ఇచ్చేది సరుకుని. ఆటల కంపెనీలకి ఇది మరీ కష్టం. కొత్త భాగం కొనాలంటే డబ్బా మీద కొత్తవేవో వున్నాయని చెప్పాలి కదా! "ఈసారి పంటలు నాలుగే, పొద్దు ఇంకా తక్కువ" అని ఏ కంపెనీ చెప్పుకోగలదు?

ఇక పేరు సంగతికి వద్దాం. ఇంతకాలమూ ఆట చేసేది జపాన్ కంపెనీ, ఇంగ్లీషులో అమ్మేది నాత్సుమె. 2014లో ఆటని చేసే మార్వెలస్ కంపెనీ, ఇకమీదట అమెరికాలో తన సొంత శాఖ ఎక్స్‌సీడ్ ద్వారానే అమ్ముకుంటానంది. ఆట వాళ్లదే. కానీ 'హార్వెస్ట్ మూన్' అన్న పేరు మీద హక్కు నాత్సుమెది! దాంతో కన్నవాళ్లు కొత్త పేరు వెతుక్కోవలసి వచ్చింది. అదే 'స్టోరీ ఆఫ్ సీజన్స్'. పేరున్నవాళ్లు అదే పేరుతో సొంతంగా కొత్త ఆట తయారుచేసుకున్నారు. జపాన్‌లో మాత్రం పాత పేరు అలాగే వుంది, ఈ తగాదా ఏదీ అక్కడి పిల్లలకి తెలియదు.

పెళ్లితో ఇంటిపేరు మార్చుకున్న మనకి ఇందులో వింతేముంది అనుకున్నాను మొదట. ఇంటిపేరు మారినంత మాత్రాన మన చేతి చారు రుచి మారుతుందా? కానీ ఇక్కడ జరిగింది తిరగబడింది. మనిషి వేరే ఇంటికి వెళ్లలేదు. ఆమె పేరు పెట్టుకుని ఇంకో మనిషి వచ్చి గుమ్మంలో నిలబడింది. 2014 చివర్న వచ్చిన ఆ కొత్తావిడ పేరు 'హార్వెస్ట్ మూన్: ద లాస్ట్ వ్యాలీ'. నేలని దిమ్మలు దిమ్మలుగా తవ్వుకోవచ్చు, ఎత్తులూ పల్లాలూ చేసుకోవచ్చు. కానీ వూరు లేదు! మనుషులే ఒక్కొక్కరు మన పొలానికి వచ్చి పలకరించి పోతారు. పేరు గొప్ప, వూరు దిబ్బ అంటారు. ఇక్కడ దిబ్బలున్నాయి, వూరే లేదు. చుట్టూ నలుగురు మనుషులుండి, వాళ్ల మధ్య మన బతుకు మనం ఎలా దిద్దుకుంటామన్నది తీసేశాక ఆ పేరుకి మిగిలిన అర్థమేమిటి?

పేరొకచోట, పొలమొకచోట. మరి ఆత్మ? అది ఇద్దరికీ చెందని మూడో ఇంట్లో పుట్టింది. అమెరికాలో సియాటిల్ దగ్గర ఎరిక్ బరోన్ అనే కుర్రవాడు చిన్నప్పుడు ఈ ఆటలాడి పెరిగాడు. 'బ్యాక్ టు నేచర్' తర్వాత అవి దారితప్పాయని అతనికి అనిపించింది. చదువై, వుద్యోగం దొరక్క, నాలుగేళ్లకి పైగా కూర్చుని బొమ్మలూ సంగీతమూ మాటలూ అన్నీ తానే చేసుకుని, 2016లో 'స్టార్‌డ్యూ వ్యాలీ' విడుదల చేశాడు. 2024 చివరికి అది 4 కోట్ల ప్రతులు దాటి అమ్ముడుపోయింది. అందులోనూ తాతగారి పాడుబడిన పొలమే, రొప్పే ఒళ్లే, పొద్దు వాలే రోజే. రెండేళ్లు గడిచాక చనిపోయిన తాతగారి ఆత్మ వచ్చి ఎలా చేశావో చూసి కొవ్వొత్తులు వెలిగిస్తుంది. అమ్మానాన్నల స్థానంలో తాతగారు. అభిమాని రాసిన విమర్శ అంటే ఇదీ! చాలామందిమి బాగాలేదని ఒక వుత్తరం ముక్క రాసి వూరుకుంటాం. అతను ఎలా వుండాలో చేసి చూపించాడు.

అయితే అతన్ని కూడా పూర్తిగా నెత్తిన పెట్టుకోను. తాతగారి తీర్పు నచ్చకపోతే ఆయన సమాధి దగ్గర ఒక వజ్రం పెడితే చాలు, మళ్లీ వచ్చి చూస్తాడు! మొదటి ఆటలో అమ్మానాన్నా ఒక్కసారే వస్తారు. నాకు ఆ ఒక్కసారే నచ్చింది. నిజమైన పెద్దలకి వజ్రాలు పనికిరావు.

ఇదంతా రాసి, పాతదే మేలని తీర్పు చెప్పి ముగించేద్దామనుకున్నాను. ఇంతలో మా అమ్మాయి ఒక మాట చెప్పి నా కలం ఆపింది. 2000లో గేమ్‌బాయ్ కలర్ మీద వచ్చిన మూడో భాగంలో అబ్బాయిగానైనా, అమ్మాయిగానైనా ఆడవచ్చు. అబ్బాయి పెళ్లి చేసుకుంటే ఆట సాగుతుంది. అమ్మాయి పెళ్లి చేసుకుంటే... ఆట ముగుస్తుంది!

"ఎందుకే?"

"ఎందుకేమిటమ్మా, పెళ్లయింది కదా," అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. కలుపు తీసింది ఆ పిల్ల. ఆవుని పెంచింది ఆ పిల్ల. తాళి పడగానే పొలం, పొద్దు, లెక్క అన్నీ ఎవరివో అయిపోయాయి. మనలో ఎంతమంది వీణలు, డిగ్రీలు, టైపు మిషన్లు అలా అటకెక్కలేదు? మొదటి ఆటలో సైతం ఆడవాళ్లు పొలానికి యజమానులు కారు, గెలుచుకోవలసిన అయిదుగురు కన్నెపిల్లలు మాత్రమే. కనక పాతదంతా పవిత్రమని నేను కళ్లకద్దుకోలేను. తర్వాతి భాగాల్లో పెళ్లయిన అమ్మాయి పొలం పొలంగానే వుంది, రోజు రోజుగానే సాగింది. 2019లో జపాన్‌లో, 2020లో ఇతర దేశాల్లో మళ్లీ చేసి వదిలిన 'ఫ్రెండ్స్ ఆఫ్ మినరల్ టౌన్'లో అయితే అమ్మాయిగానే ఆడి, మనసైతే అమ్మాయినే పెళ్లాడవచ్చు. 'ఎ వండర్‌ఫుల్ లైఫ్' కూడా 2023లో కొత్తగా ముస్తాబై వచ్చింది. ఆ కంపెనీ కూడా తన పాతపెట్టె తెరిచి చూసుకుంటోందంటే, పోగొట్టుకున్నదేమిటో దానికీ తెలిసిందనే అనుకుంటాను.

అందుకే నా తీర్పు కొంచెం మార్చుకుంటున్నాను. మార్పు వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఈ మార్పు ఆడేవాళ్లకి ఒక కొత్త రోజు ఇచ్చిందా, లేక వున్న రోజు విలువ తగ్గించిందా? పెళ్లయిన పిల్లకి ఆట కొనసాగడం మొదటి రకం. ఆమె చాలీచాలని పొద్దులో ఆమెకీ వాటా వచ్చింది. నూట ఒక్క మరుగుజ్జులు, పొలం నిండా యంత్రాలు రెండో రకం. ముఖం మీద ముడత వచ్చినా మనిషిని గుర్తుపడతాం. నగలతో ముఖమంతా కప్పేస్తే గుర్తుపట్టలేం.

నిన్న రాత్రి మా అమ్మాయి, నా పోరు పడలేక, ఆ 1996 నాటి ఆట పెట్టుకుని కూర్చుంది. దాంట్లో చలికాలం వచ్చింది. పొలం మీద మంచు. విత్తడానికి లేదు, కొయ్యడానికి లేదు.

"ఇప్పుడేం చెయ్యాలమ్మా? ఏమీ లేదిక్కడ," అంది.

"ఆవుకి మేత వేశావా?"

"వేశా."

"అయితే వూళ్లోకి వెళ్లి నలుగుర్నీ పలకరించి రా."

విసుక్కుంటూనే వెళ్లింది. నేను పెరుగు తోడుపెట్టి వచ్చేసరికి ఇంకా ఆ మంచులోనే, ఆ చిన్న వీధుల్లోనే, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతూ తిరుగుతోంది.